చుక్క దూరని ప్యాంటు

వానాకాలంలో ఊరిని బాగుచేయడం వృథా ప్రయాస. కాలువలు తవ్వాలి, పూడిక తీయాలి, ఎవరెవరితోనో తగాదా పడాలి. ఇంత గొడవ ఎందుకు? మనిషికొక మంచి వాటర్‌ప్రూఫ్ ప్యాంటు ఉంటే సమస్య నడుము దగ్గరే ఆగిపోతుంది. సికింద్రాబాద్‌లో ఈ సత్యాన్ని అందరికంటే ముందు గ్రహించినవాడు భానుప్రకాశ్. ఆయన గ్రహించకపోతే ఇంకెవరు గ్రహిస్తారు? వాననీటి కాలువలు చూసుకునే ఒక కార్యాలయంలో ఆయన ఇంజినీరు.

భానుప్రకాశ్‌కు నలభై తొమ్మిదేళ్లు. యాప్రాల్‌లో సొంత ఫ్లాటు, ఒంట్లో షుగరు. వేసవిలో డాక్టరు నడవమంటే, నడిస్తే ఎవరూ గమనించరని సైకిలు కొన్నాడు. దానికి ఇరవై ఒక్క గేర్లు. ఆయన వాడేవి మూడు. రోజూ నేరేడ్‌మెట్ మీదుగా మారేడ్‌పల్లి దగ్గరున్న ఆఫీసు దాకా తొక్కాడు. నెల తిరిగేసరికి బెల్టు రెండు రంధ్రాలు లోపలికి జరిగింది. పై అధికారి ఆయన ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టి ‘మనందరికీ ఆదర్శం’ అని రాశాడు. డెబ్బై మంది బొటనవేళ్లు ఎత్తారు. ఇక ఆ మనిషి సైకిలు దిగే ప్రశ్నే లేదు.

జూన్ మూడో వారంలో మొదటి పెద్ద వాన పడింది. నేరేడ్‌మెట్ దాటాక రోడ్డు ఒక పల్లంలోకి దిగుతుంది. అక్కడ మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. భానుప్రకాశ్ తడిసిన ప్యాంటుతోనే ఆఫీసుకు చేరి, తడిసిన ప్యాంటుతోనే మీటింగులో కూర్చున్నాడు. లేచినప్పుడు కుర్చీ మీద ఆయన ఆకారం మిగిలింది. అందరూ చూశారు.

మీటింగు దేని గురించంటారా? వానాకాలం ముందస్తు జాగ్రత్తల గురించి.

ఆ సాయంత్రమే ఆయన ప్యాంటు కొనాలని తీర్మానించుకున్నాడు. ఆ పల్లంలో నీళ్లు ఎందుకు నిలిచాయన్న ప్రశ్న ఆయనకు తట్టలేదు. అది ఆఫీసు ప్రశ్న. అలాంటివి ఆయన ఆఫీసులో కూడా వేసుకోడు.

పదిహేను రోజులు చదివాడు. ఇంజినీరింగ్ నాలుగేళ్లలో చదవనంత చదివాడు. బట్ట మీద ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తున నీళ్లు నిలబెట్టినా కారదో దాన్నిబట్టి ప్యాంటుకు ఒక నంబరు ఇస్తారని తెలుసుకున్నాడు. లోపలి చెమట ఆవిరై బయటికి పోయే గుణానికి ఇంకో నంబరు. కుట్ల మీద టేపు ఉందా, వెలుతురు పడితే మెరిసే పట్టీ ఉందా, చీలమండ దగ్గర జిప్పు పైకి లాగాలా కిందికి లాగాలా, అన్నీ పరిశీలించి ఇరవై రెండు ప్యాంట్లకు పట్టిక వేశాడు. ఆఫీసు కంప్యూటర్లోనే వేశాడు కాబట్టి ఇంటి పనికి ఆటంకం కలగలేదు.

ఆయన భార్య అనుపమ హైస్కూల్లో సైన్సు చెబుతుంది. ఒక రాత్రి భోజనాలయ్యాక పరీక్ష పేపర్లు దిద్దుతూ ఆ పట్టికను ఓరగా చూసింది.

“ఆ రోడ్డు మీ సెక్షన్ కిందికే వస్తది గదా?” అంది.

“వస్తది.”

“మరి నీళ్లు పొయ్యేటట్టు చెయ్యరాదు?”

“అంత ఈజీ గాదు అనూ. ఎస్టిమేట్ గావాలె, శాంక్షన్ గావాలె. ప్యాంటైతే రెండు రోజుల్ల ఇంటికొస్తది.”

అనుపమ చేతిలోని పేపరు మీద సున్నా పెట్టింది. అది ఆ విద్యార్థి రాసిన జవాబుకే పెట్టి ఉంటుంది.

మొదటి ప్యాంటు వచ్చింది. నల్లటి ప్లాస్టిక్‌ది. వాన చుక్క ఒక్కటి కూడా లోపలికి రాలేదు. కానీ ఆఫీసు చేరేలోపు లోపలే విడిగా ఒక వాన కురిసింది. చెమటతో అతుక్కుపోయిన ఆ ప్యాంటు విప్పడానికి ఆయనకు పావుగంట పట్టింది. కొండలెక్కేవాళ్ల కోసం చేసిన రెండో ప్యాంటు గాలాడేది గానీ, జానెడు పొడుగు. మూడో రోజున దాని అంచు చైన్లో చిక్కి, సరిగ్గా ఆ పల్లం దగ్గరే ఆయన సైకిలుతో సహా ఒరిగిపోయాడు.

అక్కడ సైకిళ్లు బాగుచేసే చాంద్‌పాషా వచ్చి ఆయన్ను లేపాడు. అరవై దాటినవాడు. రోడ్డు మీద నీళ్లు ఎంత ఎత్తుకు వస్తాయో తెలిసినవాడు గనక పనిముట్ల పెట్టెను ఛాతీ ఎత్తున గోడకు తగిలించి ఉంచుతాడు. చైను వెనక్కి తిప్పుతూ ప్యాంటు అంచును మెల్లగా బయటికి తీశాడు.

“సార్, ఇదంత తక్లీఫ్ ఎందుకు? ప్యాంట్ మోకాళ్లదాంక మడుసుకోండ్రి. రబ్బర్ చెప్పులు ఏసుకోండ్రి. బ్యాగుల ఇంకో ప్యాంట్ పెట్టుకుంటే అయిపాయె.”

“కాళ్లు తడుస్తయి గదా పాషా.”

“తడవనీ సార్. తోలు సుత వాటర్‌ప్రూఫే. తుడ్సుకుంటే పోతది.”

భానుప్రకాశ్ చిరునవ్వు నవ్వాడు. పట్టిక వేయనివాళ్లు సలహా ఇచ్చినప్పుడు పట్టిక వేసినవాళ్లు నవ్వే నవ్వు అది. ఆ రాత్రే పట్టికలో అన్నిటికంటే పైన ఉన్న ప్యాంటుకు ఆర్డరు పెట్టాడు. ధర విన్నాక అనుపమ రెండోసారి అడగలేదు.

దాని గొప్పతనం చెప్పుకోవాల్సిందే. తేలికైనది, గాలాడేది. నడుము దగ్గర సాగే పట్టీ. చీలమండల దగ్గర కాలికి అతుక్కునే రబ్బరు పట్టీలు, వాటిని ఇంకా బిగించే బకిల్సు. వేసుకుని బాత్రూమ్‌లోకి వెళ్లి షవరు కింద ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. బయటికొచ్చి లోపల చెయ్యి పెట్టి చూసుకుంటే పొడిగా ఉంది. ఆ వార్త ఆఫీసు గ్రూపులో పెట్టాడు. మర్నాడు పై అధికారి గదిలో ఆ ప్యాంటు గురించి గంటసేపు చర్చ జరిగింది. ఇంజినీర్లందరూ ఒకే మాట మీద నిలబడిన చర్చ ఆ సంవత్సరంలో అదొక్కటే.

ఆగస్టు చివర్లో రెండు రోజులు ఎడతెగని వాన పడింది. మూడో రోజు ఉదయం కూడా తెరిపివ్వలేదు. అనుపమ స్కూలుకు సెలవు ఇచ్చారు. “ఇయ్యాల ఆటోల పో,” అంది. భానుప్రకాశ్ బకిల్సు బిగించుకుని సైకిలెక్కాడు. ఇలాంటి రోజు కోసమే కదా ఇంత చదివింది.

పల్లం దగ్గరికి వచ్చేసరికి రోడ్డు లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా గోధుమరంగు నీళ్లు. జనం గోడ పట్టుకుని ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. చాంద్‌పాషా గట్టు మీద నిలబడి చెయ్యి అడ్డంగా ఊపాడు. భానుప్రకాశ్ దాన్ని పలకరింపు అనుకుని తనూ చెయ్యి ఊపి ముందుకు తొక్కాడు. నీళ్లు పెడళ్ల దాకా వచ్చాయి. ఆ తర్వాత మోకాళ్ల దాకా. ప్యాంటు లోపల మాత్రం పొడిగానే ఉంది. ఆయనకు నిజంగానే గర్వం కలిగింది.

అంతలో ముందు చక్రం కనిపించని గుంతలో దిగింది. సైకిలు ఒక పక్కకు, ఆయన ఒక పక్కకు పడ్డారు. ఛాతీ దాకా మునిగి కూర్చుండిపోయాడు. నడుము పట్టీ సాగేది కదా, సాగింది. నీళ్లన్నీ పైనుంచి ప్యాంటులోకి దిగాయి. కింద రబ్బరు పట్టీలు ఎంత గట్టివంటే ఒక్క చుక్క బయటికి పోలేదు. కంపెనీ మాట తప్పలేదు.

లేచి నిలబడితే రెండు కాళ్లూ రెండు తిత్తుల్లా ఉబ్బి ఉన్నాయి. అడుగు తీయబోతే కాలు కదలదు. ఎగువ నుంచి వరద వచ్చి పడుతుండటంతో ఆ రోజు పల్లంలో నీళ్లు ఒక మూలకు సుడి తిరుగుతూ లాగుతున్నాయి. ఆ లాగుడుకు ఉబ్బిన ప్యాంటు తెరచాపలా అడ్డం పడి ఆయన్ను మూలకు ఈడ్చుకుపోసాగింది. భానుప్రకాశ్‌కు భయం వేసింది. గోడ వైపు చేతులు చాచాడు.

గోడ పక్క ఇంట్లోంచి ఒకామె బట్టలారేసే తాడు విసిరింది. ఆమె లచ్చమ్మ. నాలుగిళ్లల్లో వంట చేసుకుని బతికే మనిషి. చాంద్‌పాషా నడుము లోతు నీళ్లలో దిగి, ఆ తాడు ఆయన నడుముకు కట్టి, చంకల కింద పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి లాగి ఆమె గడప మీద కూలబెట్టారు. నీళ్లలోంచి పైకొచ్చేసరికి కాళ్లు రెండు నిండు బిందెల బరువయ్యాయి. తడిసిన బకిల్సు ఊడలేదు. చాంద్‌పాషా జేబులోంచి ట్యూబులు కోసే కత్తి తీశాడు.

“కొయ్యాలె సార్.”

“ఆగు పాషా. వాపస్ ఇయ్యనీకి ఇంకా తొమ్మిది రోజుల టైమున్నది.”

“ముందుగాల మీరు వాపస్ రావాలె గదా సార్,” అని చాంద్‌పాషా రెండు చీలమండల దగ్గరా కోసేశాడు.

నీళ్లు భళ్లున దూకాయి. వాటితో వేపాకులు, ఒక గుట్కా ప్యాకెట్టు, బురద. అదంతా గడప దాటి లచ్చమ్మ ఇంట్లోకే పోయింది. లచ్చమ్మ బకెట్టు తీసుకుని, పొద్దుటి నుంచి ఎత్తిపోస్తున్న నీళ్లతో పాటు వాటినీ ఎత్తిపోసింది.

“పైకెళ్లి ఎంత బందువెట్టినా ఏం ఫాయిద సార్,” అంది. “కిందికెళ్లి పోనీకి తొవ్వ ఉండాలె.”

ఆమె అన్నది ప్యాంటు గురించే. అయినా ఇరవై నాలుగేళ్ల సర్వీసులో కాలువల గురించి ఇంత తేటగా భానుప్రకాశ్‌కు ఎవరూ చెప్పలేదు.

ఆమె బకెట్టు దించి ఆయన ముఖంలోకి చూసింది.

“మీరు గా ఆఫీసుల ఉండే సార్ గదా. కాయిదం వట్టుకొని మూడుమాట్ల వచ్చిన. చూస్తమన్నరు.”

భానుప్రకాశ్‌కు గుర్తుంది. గుర్తులేదని చెప్పడానికి నోరు తెరిచాడు గానీ, తాడు ఇంకా తన నడుముకే ఉంది.

“సార్‌ను నిలవెట్టి అడుగుతవేంది?” అని లోపలి నుంచి ఒక గొంతు వచ్చింది. “ఈడ కూసోమను. పొడిగ ఉన్నది గీ మంచమొక్కటే.”

అది లచ్చమ్మ భర్త పర్వతాలు. జూలై వానకు ఇదే పల్లంలో జారిపడి కాలు విరిగింది. తొడ దాకా కట్టు. మంచం కోళ్ల కింద మూడేసి ఇటుకలు పేర్చి ఆయన్ను దాని మీద పడుకోబెట్టారు. నీళ్లు రెండో ఇటుక అంచుకు వచ్చాయి. భానుప్రకాశ్ మంచం చివర కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకున్నాడు. వేరే చోటు లేదు.

పర్వతాలు కిటికీలోంచి వేలు చూపించాడు. “గా గోడ కింద మోరీ ఉండె సార్. నీళ్లన్నీ అండ్లకెళ్లి పోతుండె. అపార్ట్‌మెంటోళ్లు కార్లు ఎక్కించనీకి ర్యాంప్ కట్టి దాని మూతి మూసిండ్రు. మూడేండ్లాయె. ఆమె రాయించిన కాయిదంల గదే ఉన్నది.”

ఆ కాగితం మీద ‘స్థల పరిశీలన చేయవలసి ఉంది’ అని రాసింది భానుప్రకాశే. వేసవి నుంచి రోజుకు రెండుసార్లు ఆ స్థలం మీదుగానే వెళ్తున్నాడు, గేర్లు మారుస్తూ. ఆయనకు సిగ్గేసింది. “రేపే చూస్తా” అన్నాడు. లచ్చమ్మ మళ్లీ బకెట్టు ఎత్తింది.

మర్నాడు ఆయన నిజంగానే నోట్ రాశాడు. ర్యాంపుకు అనుమతి లేదని, మోరీ తెరవాలని, పూట పనేనని ఒక నిండు పేజీ. అది పైకి వెళ్లి నాలుగో రోజున రెండు ప్రశ్నలతో కిందికి వచ్చింది. ర్యాంపుకు అనుమతి ఉందా? లేనియెడల ఎందుకు లేదు? దానికి జతచేసి ఇంకో కాగితం ఉంది. పరిశీలనకు వెళ్లే సిబ్బంది ప్రమాదాలకు గురవుతున్నందున అందరికీ వాటర్‌ప్రూఫ్ ప్యాంట్లు కొనడానికి మంజూరు అయింది. అందులో ఎవరికీ ఏ ప్రశ్నా రాలేదు.

ఆ ఆదివారం పొద్దున చాంద్‌పాషా గడ్డపార తెచ్చాడు. లచ్చమ్మ, గల్లీలో మరో నలుగురు తోడయ్యారు. ర్యాంపు కింది భాగాన్ని మనిషి దూరేంత మేర పగలగొట్టారు. వాన వెలిసినా కదలని నీళ్లు ముప్పావుగంటలో పోయాయి. ఆ తర్వాత రెండుసార్లు పెద్ద వానలు పడ్డా అక్కడ నీళ్లు నిలవలేదు. పర్వతాలు మంచం కింది ఇటుకలు తీయించాడు.

ర్యాంపు పగిలిన మర్నాడే, సోమవారం, అపార్ట్‌మెంటు అసోసియేషన్ ప్రెసిడెంటు ఫొటోలతో ఆఫీసుకు వచ్చాడు. మధ్యాహ్నానికల్లా నోటీసు టైపు అయింది. అనుమతి లేకుండా నిర్మాణాన్ని ధ్వంసం చేసినందుకు చాంద్‌పాషా మీద, లచ్చమ్మ మీద చర్య. కావాల్సింది భానుప్రకాశ్ సంతకం ఒక్కటే. ఒకే పూటలో ఒక కాగితం అన్ని బల్లలూ దాటి రావడం ఆయన ఎన్నడూ చూడలేదు.

రెండుసార్లు చదివాడు. ‘ఇది అన్యాయం’ అని పై అధికారి ముందు నిలబడి చెప్పే ధైర్యం ఆయనకు లేదు. ఎప్పుడూ లేదు. తనకు బాగా చేతనైన పని ఏదో ఒక్క నిమిషం ఆలోచించుకుని, ఆ నోటీసును టేబుల్ మీది కట్టలన్నిటికంటే అడుగున పెట్టాడు.

ప్రెసిడెంటు ఇప్పటికి మూడుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా భానుప్రకాశ్ కుర్చీ చూపించి, చాయ్ తెప్పించి, “పరిశీలనలో ఉంది సార్,” అని ఎంతో మర్యాదగా చెప్పి పంపుతున్నాడు. ఇరవై నాలుగేళ్లలో ఆయన ఒళ్లు దాచుకోకుండా చేస్తున్న పని ఇదే.