తొలకరి తప్పని ఊరు

పిల్లలకు సేద్యం నేర్పాలంటే ముందు వాళ్లను మట్టికి దూరంగా కూర్చోబెట్టాలని 1986లో ప్రభుత్వానికి తోచింది. ఆ మేరకు వెలసిన కల్పిత లోకాల బోధనా విభాగం, ఆస్పరి దారిలోని ఒక హైస్కూలుకు కంప్యూటరు పంపింది. అందులో ఒక ఊరుంది. ఆ ఊళ్లో పిల్లలు నలభై నిమిషాల్లో మూడేళ్ల సేద్యం చేయాలి. ఆ మార్కులు చూసే పదో తరగతిలోకి పంపుతారు.

యంత్రంలోని ఊరికి సైన్సు టీచరు సరస్వతీబాయిని ఇన్‌చార్జిగా వేశారు. ఆమె ఆదోనిలో మూడు రోజులు శిక్షణ పొందింది. (రెండు రోజులు కరెంటు లేదు. మూడో రోజు సర్టిఫికెట్లు ఇచ్చారు.) యంత్రానికి దుమ్ము పడదు కాబట్టి పిల్లలు కాళ్లు కడుక్కొని లోపలికి రావాలని నిబంధన. అది ఊళ్లో తాగడానికే నీళ్లు లేని వారం. కాళ్లు కడుక్కున్నట్టుగా భావించి పంపవచ్చునని హెడ్మాస్టరు వెంకటరామయ్య సవరణ ఉత్తర్వు ఇచ్చాడు.

పరీక్ష రోజున విభాగం పరిశీలకుడు సేతుమాధవరావు ఎమ్మిగనూరు నుంచి జీపులో వచ్చాడు. తెర మీద ప్రశ్న ఇంగ్లీషులో వస్తుంది. విత్తుతావా, అవునా, కాదా అని సరస్వతీబాయి తెలుగులో చెబుతుంది. అవునని నొక్కగానే పచ్చటి చుక్కలు మొలుస్తాయి. ఏనాడూ చేను గట్టెక్కని పోస్టుమాస్టరు కూతురికి నూటికి తొంభై ఆరు వచ్చాయి.

తర్వాత హనుమక్క కూర్చుంది. మెట్ట రైతు శేషప్ప కూతురు. ఏడేళ్లప్పటి నుంచి గొర్రు వెనక నడిచి విత్తనం వేసిన పిల్ల. మీట నొక్కకుండా టీచరు వైపు తిరిగింది.

"వాన పడిందా మేడం?"

"అది చెప్పదమ్మా. పడిందనే అనుకోవాల."

"మా నాయన పోయినేడు అట్లనే అనుకొని యిత్తినాడు మేడం. యిత్తనం గూడ చేతికి రాలే."

కాదని నొక్కింది. రెండో ఏడూ కాదంది. మూడో ఏడూ అంతే.

"ఇప్పుడు సుగ్గికి పోవల్ల మేడం. ఏది నొక్కల్ల?"

సుగ్గి అంటే ఊళ్లో పని లేనప్పుడు ఇంటికి తాళం వేసి గుంటూరు పక్క కూలికి పోవడం. సరస్వతీబాయి మీటలన్నీ వెతికింది. నాలుగు దిక్కులకూ బాణం గుర్తులున్నాయి గానీ గుంటూరుకు లేదు. తెర మీద సున్నా పడింది.

సేతుమాధవరావుకు జాలేసింది. "మళ్లీ కూర్చోబెట్టండమ్మా. మూడుసార్లు అవునని నొక్కితే పాసు."

"వాన పడకుంటే యాడ మొలుస్తాది సార్?" అంది హనుమక్క.

"వాన పడకపోవడం సిలబస్‌లో లేదమ్మా," అన్నాడాయన ఓపిగ్గా.

పన్నెండేళ్ల సర్వీసులో సరస్వతీబాయి పై అధికారికి ఎదురు చెప్పి ఎరగదు. ఆ రోజు మార్కుల జాబితా తన ముందుకు లాక్కుని, హనుమక్క పేరు పక్కనున్న సున్నా కొట్టేసి వంద వేసింది.

"యంత్రం వేసిన మార్కు దిద్దే అధికారం మనుషులకు లేదు. మీ మీద రిపోర్టు రాయాల్సి వస్తుంది," అన్నాడు సేతుమాధవరావు.

"రాయండి సార్. నేను మాత్రం మళ్లీ కొట్టెయ్యను."

ఆయన రాశాడు. ఆమెను యంత్రంలోని ఊరి నుంచి తప్పించారు. (అసలు ఊళ్లో మాత్రం ఉండవచ్చు.) వంద చెల్లదన్నారు. హనుమక్క తొమ్మిదిలోనే ఆగిపోయింది.

సరస్వతీబాయి ఊరుకోలేదు. యంత్రంలో కరువు కూడా కలపమని విభాగానికి అర్జీ పెట్టింది. ఐదు నెలలకు జవాబొచ్చింది. ఆ ఊరి వాతావరణాన్ని నిపుణులు ఖరారు చేశారనీ, కరువు కలిపితే పిల్లలకు సేద్యమంటే విరక్తి పుట్టే ప్రమాదముందనీ, అయినా మానవతా దృష్టితో హనుమక్కకు నవంబరులో మరో అవకాశం ఇస్తున్నామనీ దాని సారాంశం.

ఆ ఏడు తొలకరి రాలేదు. నవంబరులో పరీక్ష నాటికి శేషప్ప ఇంటికి తాళముంది. కుర్చీ ఖాళీగా ఉంది. క్లాసు టీచరుగా సరస్వతీబాయి హాజరు పట్టీలో కారణం రాసింది: "తల్లిదండ్రులతో గుంటూరు పక్క పత్తి ఏరడానికి పోయినది."

విభాగం ఆ ఫైలును ఒక్క వాక్యంతో మూసేసింది: "సదరు విద్యార్థినికి వ్యవసాయంపై ఆసక్తి లేదని నిర్ధారించడమైనది."