కంటకయ్యకు ఐదు నక్షత్రాలు

ఒక పెద్ద అడవిలో, పులికి కూడా వేటంటే బద్ధకం వేసేంత ముసురు పట్టిన ఒక వానాకాలంలో, కంటకయ్య అనే ఏదుపంది ఒక కంప్యూటరు ఆట తయారుచేశాడు.

అడవిలో కంప్యూటరేమిటని అడక్కండి. ఎవరో పెద్దమనుషులు ఎప్పుడో ఒక బంగళా కట్టి, ఎందుకు కట్టారో మరిచిపోయి, వదిలేసి పోయారు. అందులో కంప్యూటరు ఉండిపోయింది. కప్పు మీద సోలారు పలకలూ ఉండిపోయాయి.

కంటకయ్య ఏళ్ళ తరబడి అక్కడే కూచుని, తన ముళ్ళతోనే మీటలు నొక్కి నొక్కి, 'కలగూర సైన్యం' అనే ఆట కట్టాడు. ఆ ఆట సంగతి ముందే చెప్పేస్తాను. రెండు జంతువుల్ని ఎంచుకోవాలి. ఒకదాని తలకు ఇంకోదాని కాళ్ళు అతికించి కొత్త జీవిని పుట్టించాలి. మొసలి నోరున్న కుందేలు, జింక కాళ్ళున్న కప్ప, మీ ఇష్టం. అలాంటివాటిని దండుగా చేసి ఎదుటివాడి కోట మీదికి తోలాలి. ఎదుటివాడేమీ చేతులు ముడుచుకుని కూచోడు. ఏ కాళ్ళు పెడదామా అని మీరు బుర్ర గోక్కునేలోపు వాడి దండు మీ కోటలో ఉంటుంది.

మొదటివారం బంగళా దగ్గర జాతరే. జంతువులు వానలో తడుస్తూ వరుసకట్టేవి. ఓడినవాడు నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ బయటికొచ్చి, నేరుగా వరుస చివరికెళ్ళి మళ్ళీ నిలబడేవాడు. అది చూసి కంటకయ్య మురిసిపోవాల్సింది. కానీ ఆయన వరుసను చూడలేదు, గోడను చూశాడు.

ఆ గోడ పెట్టుకున్నదీ ఆయనే. ఆడినవాళ్ళు వసారా గోడ మీద అభిప్రాయం రాసి, ఎర్రమట్టితో నక్షత్రాలు గీయాలి. బాగుంటే ఐదు, బాగాలేకపోతే ఒకటి. అందరూ ఐదే గీస్తారనీ, గోడ చాలదేమోననీ ఆయన బెంగపెట్టుకున్నాడు కూడా.

మొదటి అభిప్రాయం ఏనుగు ఐరావతరావుగారిది. ఆయన అడవి సభకు అధ్యక్షుడు. "ఏనుగు తలకు ఎండ్రకాయ కాళ్ళు పెట్టాను. అది పక్కకు నడుచుకుంటూ వెళ్ళి మడుగులో పడింది. మా వంశంలో పక్కకు నడిచినవాడు లేడు. ఒక నక్షత్రం."

రెండోది అడవిదున్న భద్రయ్యది. "నేను నెమరు వేసుకునేలోపు వచ్చి కొంప కూల్చారు. వచ్చేముందు ఒక్క కబురు పెట్టొద్దూ? మర్యాద తెలియని ఆట. ఒక నక్షత్రం."

మూడోది నక్క పరమేశానిది. "పాత ఆటే బాగుండేది" అని రాసి, ఒక నక్షత్రం గీసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోతున్నాడు. కంటకయ్య వెంటపడ్డాడు.

"పాత ఆటేమిటండీ? ఇదే మొదటిది కదా!"

"నేననేదీ అదేనయ్యా. ఇది రాకముందు బాగుండేది."

"అసలు మీరు ఆడారా?"

"ఆడితే అభిప్రాయం పాడైపోతుంది. మా బావమరిది ఆడుతుంటే పక్కన నిలబడ్డవాడు నాకంతా చెప్పాడు."

ఇక్కడ కంటకయ్య జబ్బు గురించి చెప్పాలి. ఎవరైనా ఒక్క మాట అంటే ఆయన వీపు మీది ముళ్ళన్నీ నిక్కబొడుచుకుంటాయి. అవి నిక్కబొడుచుకుంటే ఆయన సొంత బొరియలో పట్టడు. రోషం దిగేదాకా బయటే.

ఆయన భార్య తాయారు లోపలినుంచే అడిగేది. "ఇవాళ ఎన్నొచ్చాయండీ నక్షత్రాలు?"

"ఒకటి."

"అయితే టేకాకులు గుమ్మం దగ్గర పెట్టాను. కప్పుకోండి."

"ఆ ఏనుక్కి ఆట రాదే! ఎండ్రకాయ కాళ్ళు పెట్టి ముందుకి పొమ్మంటే పోతాయా?"

"పోవు. మీరు మాత్రం లోపలికి రాకండి. మొన్న నా చెవికి గుచ్చారు."

పాపం, ఆ వానాకాలమంతా కంటకయ్య బయటే తడిశాడు. ఆయన కోరిక చాలా చిన్నది. అందరిచేతా ఐదేసి నక్షత్రాలు వేయించుకోవాలి, ముళ్ళు అణిగి ఇంట్లో వెచ్చగా పడుకోవాలి.

అసలు గొడవ పేడపురుగు ఉండ్రాలయ్యతో వచ్చింది. ఇతగాడు ఆటలో అందరికంటే ఘనుడు. ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు చెప్పేవాడు కూడా అతనే. ఉడుము తలకు పేడపురుగు కాళ్ళు అతికించి, ఆ దండుతో ఐరావతరావుగారి సైన్యాన్ని మొత్తం ఉండలు చుట్టి కొండ కిందికి దొర్లించేశాడు. ఆపైన వసారాలో నిలబడి "ఇంకెవరైనా పెద్దవాళ్ళున్నారా?" అని అరిచాడు. గోడ మీద ఏదో రాద్దామని వెళ్ళాడు గానీ, ఈలోపు వరుసలో తన చోటు పోతుందని నక్షత్రాలు గీయకుండానే పరిగెత్తాడు.

ఐరావతరావుగారికి తల కొట్టేసినట్టయింది. మర్నాడే సభ పిలిచారు. ఆట బాగోగులు చూడటానికి ఒక అభిప్రాయ సంఘం వేశారు. అధ్యక్షులు తామే. సభ్యుడు భద్రయ్య. ఆట ఆడలేదు కాబట్టి ఏ పక్షమూ లేనివాడని పరమేశాన్ని కార్యదర్శిని చేశారు.

"చూడు కంటకయ్యా," అన్నారు ఐరావతరావుగారు, "పేడపురుగు చేతిలో ఏనుగు ఓడటం ప్రకృతి విరుద్ధం."

"అయ్యా, ఓడటమన్నది లేకపోతే అది ఆట ఎలా అవుతుందండీ?"

"ఓడటం వద్దని ఎవరన్నారు? ఉండాలి. నేను ఓడకూడదంతే."

కంటకయ్యకు ఎదురుచెప్పాలనే ఉంది. కానీ ఐరావతరావుగారు తొండంతో ఎర్రమట్టి ముద్ద పట్టుకుని, గోడకేసి ఒక చూపు చూశారు. ఆ చూపుకే కంటకయ్య వీపు మీద ముళ్ళు సగం అణిగాయి. సరేనన్నాడు.

ఏనుగు తొండం ఒక్కసారి ఊపితే కోట కూలిపోయేలా ఆట మార్చాడు. ఐరావతరావుగారు ఐదు నక్షత్రాలు గీశారు. ఆ రోజు కంటకయ్య ఇంట్లో పడుకున్నాడు. ఆ హాయే ఆయన కొంప ముంచింది.

తెల్లారేసరికి గోడ నిండా ఒంటి నక్షత్రాలే. ఏనుక్కి బలం పెంచారు, మాకేం తక్కువ అని దున్నలు. మా కొమ్ముల సంగతేమిటని జింకలు. తెగిపడ్డాక కూడా మా తోక యుద్ధం చెయ్యాలని బల్లులు. కంటకయ్య అందరికీ పెంచాడు. అందరికీ పెంచేసరికి అందరూ సమానమైపోయారు. ఎవరు ఎవరితో తలపడ్డా సరిసమానంగా తోసుకుంటూ నిలబడిపోతున్నారు.

"సమానమంటే ఏమిటయ్యా? నేనూ బల్లీ ఒకటేనా?" అని ఐరావతరావుగారు తమ ఐదు నక్షత్రాల్లో నాలుగు చెరిపేశారు.

భద్రయ్య కోసం ఇంకో మార్పు చేశాడు. దండెత్తేవాడు ముందు కబురు పెట్టాలి. అవతలివాడు నెమరు ముగించి "ఊఁ, రండి" అంటేనే బయల్దేరాలి. భద్రయ్య ఎంతకూ "ఊఁ" అనేవాడు కాదు. అవతలివాళ్ళు కూచుని కూచుని ఇంటికెళ్ళిపోయేవాళ్ళు. తనకింత గౌరవం ఏ ఆటలోనూ దక్కలేదని భద్రయ్య ఐదు నక్షత్రాలు గీశాడు.

ఉండ్రాలయ్య మండిపడుతూ వచ్చాడు. "ఏమయ్యా కంటకయ్యా, బుద్ధుందా నీకు? బంగారంలాంటి ఆటని గొంతు నులిమి చంపుతున్నావు!"

"నువ్వెన్ని నక్షత్రాలేశావు?" అన్నాడు కంటకయ్య.

"నాకు తీరికేదీ? ఆడటానికే చాలట్లేదు."

"నక్షత్రాలు వెయ్యనివాడికి అభిప్రాయం ఉన్నట్టు కాదు. వెళ్ళు."

అన్నాడే గానీ, పేడపురుగు వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంటే కంటకయ్యకు లోపలెక్కడో కలుక్కుమంది. తన ఆటను అంతగా ప్రేమించినవాడు ఇంకొకడు లేడని ఆయనకు తెలుసు. కానీ ప్రేమ గోడ మీద కనబడదు కదా.

ఇంక మిగిలింది పరమేశం. "నాలాంటి తీరికలేనివాళ్ళ సంగతి ఆలోచించావా?" అన్నాడతను. "ఆట మరీ సాగుతోందిట. గెలవాల్సింది ఎలాగూ మేమే అయినప్పుడు, మధ్యలో ఈ తలలూ కాళ్ళూ ఎందుకు?"

కంటకయ్య ఆ తలలూ కాళ్ళూ కూడా తీసేశాడు. ఇప్పుడు మీట నొక్కగానే బాకాలు మోగుతాయి, పూలవాన కురుస్తుంది, 'మీరే గెలిచారు' అని అక్షరాలు పడతాయి. మీరు బల్లి అయినా, ఏనుగు అయినా, మీట నొక్కింది పొరపాటున అయినా సరే.

గోడంతా ఐదు నక్షత్రాలతో ఎర్రబారిపోయింది. అభిప్రాయ సంఘం సన్మానసభ పెట్టింది. కంటకయ్యకు శాలువా కప్పారు. ముళ్ళు ఎంత చక్కగా అణిగి ఉన్నాయంటే శాలువాకు ఒక్క చిల్లు పడలేదు. పరమేశం కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడాడు. "నేనింకా చూడలేదు గానీ, ఇంత గొప్ప ఆట నా జన్మలో చూడలేదు."

కంటకయ్య ఇంటికొచ్చి కాళ్ళు బారజాపి పడుకున్నాడు. వారం రోజులు కమ్మగా నిద్రపోయాడు. వాన కూడా వెలిసింది.

ఒకరోజు తాయారు అంది. "అందరూ అంత మెచ్చుకున్నారు. నేనూ ఒకసారి ఆడతానండీ, తీసుకెళ్ళండి."

బంగళా వసారాలో ఒక్క పురుగు లేదు. కంప్యూటరుకు సాలెగూడు పట్టింది. ఆ సాలీడు కూడా విసుగొచ్చి ఎటో వెళ్ళిపోయినట్టుంది. తాయారు పీట వాల్చుకుంటూ చూసుకోకుండా మీట మీద చెయ్యి వేసింది. బాకాలు మోగాయి. పూలవాన కురిసింది.

"మీరే గెలిచారుట," అంది తాయారు. "ఇంకా కూచోనైనా లేదు. ఆడేదెప్పుడండీ?"

కంటకయ్యకు సిగ్గేసింది. సరిగ్గా అప్పుడు వాగు వైపునుంచి పెద్ద గోల వినిపించింది. ఎవరో తిట్టుకుంటున్నారు. ఎవరో ఘీంకరిస్తున్నారు. ఇద్దరూ పరిగెత్తుకుంటూ వెళ్ళారు.

వాగొడ్డున ఇసుకలో ఉండ్రాలయ్య దుకాణం పెట్టాడు. కంప్యూటరు లేదు, కరెంటూ లేదు. ఎండిన పేడముద్దలతో తలలు, పుల్లలతో కాళ్ళు. ఏ తలకు ఏ కాళ్ళయినా గుచ్చుకోవచ్చు. గుచ్చి ఎదుటివాడి ఇసుక కోట మీదికి తోలాలి. వాడు ఆలోచించుకునేదాకా ఎవరూ ఆగరు. అచ్చం పాత కలగూర సైన్యమే, కాస్త వాసన ఎక్కువ.

అడవి అడవంతా అక్కడే ఉంది. వరుస వాగు మలుపు దాకా పోయింది. భద్రయ్య నోట్లో గడ్డి నమలడం మరిచిపోయి చూస్తున్నాడు. పరమేశం వరుస మధ్యలో ఎవరూ చూడకుండా దూరుతున్నాడు. ఐరావతరావుగారు మోకాళ్ళ మీద కూచుని, తొండంతో పుల్లలు గుచ్చుతూ, చెమటలు కక్కుతున్నారు.

"మోసం! ఇది పచ్చి మోసం!" అని ఘీంకరించారు ఆయన, కోట కూలిపోగానే. "ఇంత దిక్కుమాలిన ఆట ఎక్కడా లేదు! నా వంతు మళ్ళీ ఎప్పుడు?"

"చివర నిలబడండి సార్," అన్నాడు ఉండ్రాలయ్య.

పక్కనే ఒక పెద్ద బండ. దాని నిండా ఎర్రమట్టితో ఒంటి నక్షత్రాలు. చూస్తేనే కంటకయ్యకు వీపు జలదరించింది. అవి తనకొచ్చి ఉంటే ఈపాటికి ఏ చెట్టుకింద పడుకునేవాడో!

"ఉండ్రాలయ్యా, ఇవి చూస్తే నీకు బాధనిపించడంలేదూ?"

పేడపురుగు బండకేసి ఒకసారి చూశాడు. "అవా? ఓడినవాడల్లా వెళ్ళి ఒకటి గీస్తున్నాడు. నేను గెలిచినవాటి గుర్తులేమో అనుకున్నా."

కంటకయ్య వెళ్ళి తన ఆటకోసం తానే వరుసలో నిలబడ్డాడు. వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. మొసలి తలకు జింక కాళ్ళు గుచ్చాడు. ఎంతో ముచ్చటగా వచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ ఉండగానే పేడపురుగు దండు వచ్చి కోటను నేలమట్టం చేసింది.

"ఈ ఆట చేసినవాడెవడో గానీ," అన్నాడు ఉండ్రాలయ్య, "ఆడటం మాత్రం రాదు!"

కంటకయ్య వీపు మీద ముళ్ళన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. వెనక నిలబడ్డ కుందేలు కెవ్వుమంది. ఆయన విసవిసా బండ దగ్గరికి వెళ్ళి, ఎర్రమట్టి తీసుకుని, ఒకే ఒక్క నక్షత్రం గట్టిగా గీశాడు. చాలా రోజుల తర్వాత ఆయనకు ఒళ్ళంతా సంతోషంగా ఉంది.

ఇంటి దగ్గర బొరియ మూతి చూసి, ఆయన వీపు చూసి, తాయారు అడిగింది. "ఇవాళ మళ్ళీ బయటేనా?"

"బయటే," అన్నాడు కంటకయ్య టేకాకులు కప్పుకుంటూ. "మంచిదేలే. పొద్దున్నే వెళ్ళి ముందు నిలబడాలి."

నీతి: ఐదు నక్షత్రాలూ కావాలంటే, ఆటలోంచి ముందు ఆట తీసెయ్యాలి.