పదకొండు కిటికీల చిరునవ్వు

కొత్తగా కొన్న పెద్ద విమానం మిక్కిలి అందమైనదని మన విమాన సంస్థ పాలకవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. అయితే ఆ అందాన్ని చూసే భాగ్యం ఎవరికీ కలగడం లేదని ప్రచార విభాగాధిపతి సభ దృష్టికి తెచ్చారు. ఎక్కినవాళ్ళకు సీట్లే కనిపిస్తాయి, కింద ఉన్నవాళ్ళకు పొట్టే కనిపిస్తుంది. కాబట్టి విమానం ఎగురుతుండగా పక్కన మరో విమానంలోంచి సినిమా తీయించాలని ఆయన ప్రతిపాదించారు. అంత దూరదృష్టి ఆయనకు ఎక్కణ్ణించి వచ్చిందని మీరు అడగరనే నా నమ్మకం. ఆయన ఛైర్మన్ గారి బావమరిది.

పని ఒక అన్నాచెల్లెళ్ళకు అప్పగించారు. అన్న చిన్న విమానం నడుపుతాడు. చెల్లెలు దాని పక్క తలుపు ఊడదీయించి, ఒంటికి పట్టీలు బిగించుకుని, కాళ్ళు ఆకాశంలోకి వేలాడేసి ఫొటోలూ సినిమాలూ తీస్తుంది. ఆమెకు తన పనంటే ప్రాణం. అన్నకు మాత్రం పెద్ద విమానం నడపాలని చిరకాల కోరిక. ఏటా దరఖాస్తు పెట్టేవాడు. ఏటా సంస్థ అతని ఉజ్జ్వల భవిష్యత్తును ఆకాంక్షిస్తూ తిప్పి పంపేది.

బయల్దేరే ముందు సమావేశపు గదిలో రిహార్సల్ జరిగింది. పెద్ద విమానం కెప్టెన్, తల నెరిసిన ఆవిడ, చేతిలో ఒక బొమ్మ విమానం పట్టుకుని కుర్చీల చుట్టూ మెల్లగా నడిచింది. ఆమె పక్కనే అన్న ఇంకో బొమ్మ పట్టుకుని నడిచాడు. ఎవరు ఎటు తిరగాలో, ఎంత ఎడంగా ఉండాలో ఇలా నేల మీదే అలవాటు చేసుకోవడం ఈ పనిలో పద్ధతి. ఛైర్మన్ గారు అది చూసి ముచ్చటపడి తనకూ ఒకటి ఇమ్మన్నారు. ఆయన వెనక బావమరిది, బావమరిది వెనక ఇద్దరు కార్యదర్శులు. నేల మీద ఇంత రద్దీ చూసిన కెప్టెన్, దీనికంటే ఆకాశమే నయమనుకుంది.

పెద్ద విమానం రెక్కల కొసల నుంచి సుడిగాలి లేస్తుందనీ, అందులో చిక్కితే చిన్న విమానం ఎండుటాకుతో సమానమనీ ఆమె వివరించింది. బోర్డు మీద తాను గీసిన గీత దాటి దగ్గరికి రాకూడదంది. అంత దూరం నుంచి తీస్తే కిటికీలో తన ముఖం ఎంత కనిపిస్తుందని ఛైర్మన్ గారు అడిగారు.

“ఆవగింజంత,” అంది చెల్లెలు.

ఆవగింజ చిన్నదైనా ఘాటైనదని బావమరిది సర్దిచెప్పబోయాడు గాని, ఆ పోపు వేగలేదు.

మర్నాడు పొద్దున్నే రెండు విమానాలూ లేచాయి. మేఘాల మీద ఎండ పాలమీగడలా పరుచుకుంది. ఆ మీగడ మీద తెల్లగా, నింపాదిగా వస్తున్న ఆ పెద్ద విమానాన్ని చూసి చెల్లెలు చలి కూడా మరిచిపోయింది. నిజానికి పాలకవర్గం తీర్మానం పొరపాటు కాదు. విమానం నిజంగానే అందంగా ఉంది. పాలకవర్గాలకు కూడా అప్పుడప్పుడు అలా జరుగుతుంటుంది.

ఛైర్మన్ గారు పెద్ద విమానంలో కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి ఊపుతూనే ఉన్నారు. భుజం నొప్పెట్టాక, చెవులకు తగిలించిన హెడ్‌సెట్‌లో తిన్నగా అన్నతోనే మాట్లాడారు.

“బాబూ, పెద్ద విమానం నడపాలని ఉందటగా నీకు? కాస్త దగ్గరికి రా. రేపట్నించి ఇది నీదే అనుకో.”

“రావద్దు,” అంది కెప్టెన్. “ఇది పెళ్ళి ఫొటో కాదు, భుజాలు రాసుకుని నిలబడటానికి.”

“అన్నయ్యా, నాకు కావలసినవి వచ్చేశాయి. తిరిగి పోదాం పద,” అంది చెల్లెలు.

అన్న మంచివాడే. దరఖాస్తులు తిరిగొచ్చే కొద్దీ మంచివాళ్ళకు కూడా గీతలు కాస్త మసగ్గా కనిపిస్తాయి. చిన్న విమానం మెల్లగా గీత దాటింది.

సుడిగాలికి సిఫార్సులు తెలియవు. చిన్న విమానాన్ని ఒక్క విసురు విసిరింది. చెల్లెలు పట్టీల మీద తలకిందులుగా వేలాడింది. కెమెరా మీద వేలు బిగుసుకుపోయింది. ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా కిటికీ, కిటికీలో నోరు తెరిచిన ఛైర్మన్ గారు. ఆ క్షణాన కెప్టెన్ పెద్ద విమానాన్ని అవతలికి వాల్చి తప్పించబట్టి ఈ కథ చెప్పుకోవడానికి మనుషులు మిగిలారు.

దిగాక చెల్లెలు పట్టీలు విప్పుకుంటూ, “నీకు ఆ సీటు కావాలంటే, నన్ను కింద దింపేసి అడగాల్సింది,” అంది.

సినిమానూ ఫొటోలనూ పాలకవర్గం ముందు పెట్టారు. మీగడ మీది విమానాన్ని చూసి, ఇందులో ఛైర్మన్ గారెక్కడని అడిగారు. చివరికి ఒకే ఒక ఫొటోలో ఆయన కనిపించారు. కళ్ళు గుడ్లగూబ కళ్ళకు అన్నయ్యలు, నోటి సంగతి చెప్పక్కర్లేదు. సభ ఊపిరి బిగబట్టింది. బావమరిది లేచాడు.

“దీన్ని భయం అనుకునే అల్పులు ఉండవచ్చు. వారిని క్షమిద్దాం. ఇది సంస్థ భవిష్యత్తును ముఖాముఖి దర్శించిన మహనీయుడి చిరునవ్వు.”

చప్పట్లు మోగాయి. ఛైర్మన్ గారు ఫొటోను మళ్ళీ చూసుకున్నారు. తనకు నిజంగానే నవ్వొచ్చినట్టు ఆయనకు లీలగా గుర్తొచ్చింది.

విచారణ కూడా సక్రమంగానే జరిగింది. చిత్రీకరణ సమయంలో ఛైర్మన్ గారి ముఖాన్ని కెమెరాకు అందకుండా తప్పించిన నేరానికి కెప్టెన్‌ను ప్రయాణికులు పోగొట్టుకున్న పెట్టెల విభాగానికి బదిలీ చేశారు. ఆమె వల్లే తాము బతికామని చెల్లెలు సాక్ష్యం చెప్పింది. ఘటనా సమయంలో సాక్షి తలకిందులుగా ఉన్నందున సాక్ష్యాన్ని కూడా తలకిందులుగానే స్వీకరించాలని విచారణ సంఘం నిర్ణయించింది. అన్నను పిలవనే లేదు. అతను కొత్త యూనిఫాంకు కొలతలు ఇస్తున్నాడు. ఇచ్చిన మాట తప్పడం ఛైర్మన్ గారి ఇంటా వంటా లేదు.

ఆ చిరునవ్వు ఫొటోను పెద్దది చేసి పెద్ద విమానం పక్క భాగం మీద పదకొండు కిటికీల మేర అతికించారు. ఆ వరుసల్లో కూర్చునేవారికి బయట ఏమీ కనబడదు. జనం తిరగబడతారేమోనని సంస్థ కాస్త జంకింది. మనల్ని తక్కువ అంచనా వేసింది పాపం. నోటి వెనక సీట్లకు పైరవీలు మొదలయ్యాయి. ముక్కుపుటం దొరికినవాళ్ళు కూడా సంతోషంగానే ఎక్కారు.

కొన్నాళ్ళకు చెల్లెలు ఊరెళ్ళడానికి ఆ విమానమే ఎక్కాల్సి వచ్చింది. గడ్డం వెనక సీటు దొరికింది. స్పీకర్‌లో అన్న గొంతు అందరికీ స్వాగతం చెప్పింది. ఆ గొంతుతో ఆమె మాట్లాడి చాలా కాలమైంది. పక్క సీటు పెద్దావిడ ముందున్న బుల్లితెరలో సినిమా పెట్టుకుంది. మీగడ మీద తెల్ల విమానం.

“చూడమ్మా, మనం ఎంత అందంగా పోతున్నామో.”

“అది నేను తీసిందే పిన్నిగారూ. ఎప్పటిదో. ఇప్పుడు బయట పెద్ద వాన.”

“బయటి సంగతి మనకెందుకమ్మా. ఇందులో ఎండ కాస్తోందిగా,” అందావిడ.

అంతలో విమానం ఒక్క కుదుపు కుదిపింది. ఇంకోటి. పై అరల్లోంచి సంచులు జారిపడ్డాయి. చెల్లెలు కళ్ళు మూసుకుని, పట్టీ బిగించుకుంది. ముందు నుంచి వెనక దాకా వరుసవరుసలో చేతులు లేచాయి, సిబ్బందిని పిలవడానికి. అందులో మీ చెయ్యీ ఉంది, నా చెయ్యీ ఉంది. తెర కదిలిపోతోంది, సినిమా సరిగ్గా కనబడటం లేదని మనందరి ఫిర్యాదు.