పసుపు ఏడవదు

ఒక పెద్ద అడవిలో రాజుగారైన సింహానికి ఫిర్యాదులు వినీ వినీ చెవులు నొప్పెట్టాయి. మంత్రి నక్క ఉపాయం చెప్పింది.

"మహాప్రభో, నోరు అబద్ధమాడుతుంది, రంగు ఆడదు. ఎరుపు కోపం, తెలుపు శాంతం, నలుపు దుఃఖం, ఆకుపచ్చ సుఖం. ఎవరి ఒంటిరంగు చూసి వాళ్ల మనసు తేల్చేద్దాం. ఇక వినే పనే ఉండదు."

"మరి నేను?"

"తమరు పసుపు. ఎప్పుడూ శుభమే."

ఆ మాట రాజుకి తెగ నచ్చింది. ఆ పూటే చాటింపు వేయించాడు. తెల్లగా ఉందని కొంగని చెరువుకి శాంతిరక్షకుడిగా వేశారు. చేపల వైపు నుంచి ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదు.

కష్టమంతా తులసమ్మ అనే చిలకకొచ్చింది. ఆమె గుడ్లు పెట్టిన చెట్టు మొదట్లో ఒక పాము మకాం వేసి, అప్పుడే ఒక గుడ్డు మింగేసింది. ఆమె పడుతూ లేస్తూ కొలువుకి ఎగిరొచ్చింది.

"అయ్యా, నా గుడ్లు పాము పాలవుతున్నాయయ్యా!"

నక్క ఆమెని ఎగాదిగా చూసింది. "నిగనిగలాడే ఆకుపచ్చ! నీకేం కష్టమమ్మా? హాయిగా ఉన్నావు, వెళ్లిరా."

తులసమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. కాలిపోయిన పొదలో పడి పొర్లి, ఒళ్లంతా మసి చేసుకుని మళ్లీ వచ్చింది. ఈసారి గుమ్మంలోనే ఆపేశారు.

"నీ దుఃఖం నిజమేనమ్మా, ఒప్పుకుంటున్నాం," అంది నక్క జాలిగా. "కానీ నలుపు రాజుగారికి ఎదురు రాకూడదు. అపశకునం."

ఆమె వాగులో మసి కడుక్కుంటుంటే పెద్ద అరుపు వినపడింది. వేటగాళ్లు తవ్విన గోతిలో పడి రాజు గోలపెడుతున్నాడు. ఈయన్ని గట్టెక్కిస్తే ఇకనైనా నా మాట వింటాడు కదా అనుకుని, తులసమ్మ నక్క దగ్గరికి ఎగిరింది.

"రాజుగారు గోతిలో పడి ఏడుస్తున్నారయ్యా!"

"పసుపు ఏడవదు," అంది నక్క. అయినా వచ్చి గోతిలోకి తొంగిచూసింది. రంగు సరిగ్గానే ఉంది. "ప్రభువులు ఆనందం పట్టలేకపోతున్నారు. డప్పులు తెప్పించండి!"

రాజు ఎంత అరిస్తే డప్పులు అంత జోరుగా మోగాయి. చివరికి ఆ దారిన ఏనుగు వచ్చింది. బూడిదరంగు ఊసు చాటింపులో లేదు. అందుకని దానికి ఇంకా చెవులతో వినే అలవాటు పోలేదు, పాపం. గోతిలోకి ఒక దుంగ దించి రాజుని పైకి రప్పించింది.

పైకి రాగానే రాజు నక్క చెంప పగలగొట్టాడు. వెంటనే చట్టం సవరించాడు. ఇకమీదట పసుపంటే బాధ. పసుపు మూలిగితే అడవంతా పనులు మానుకుని పరుగెత్తుకు రావాలి.

తులసమ్మ ముందుకొచ్చింది. "మరి ఆకుపచ్చ సంగతి, ఏలినవారూ? నాకింక ఒక్క గుడ్డే మిగిలింది."

వాచిన చెంప పట్టుకునే నక్క జవాబు చెప్పింది.

"ఆకుపచ్చకి కష్టముందని ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదమ్మా."

తులసమ్మ ఇంటికి చేరేసరికి తొర్ర ఖాళీగా ఉంది. చెట్టు కింద పాము కడుపునిండా తిని నిద్రపోతోంది. అదీ ఆకుపచ్చదే. దాని విషయంలో మాత్రం నక్క లెక్క తప్పలేదు.

నీతి: కష్టాలు పడదలచుకున్నవాళ్లు ముందు రాజుగారి రంగులో పుట్టాలి.