గుండుసూది పక్కన పచ్చచుక్క

ఆ రోజు ఉదయం డ్రైవరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు శవాన్ని ఎక్కించుకోవాలి. పదిన్నరకల్లా శ్మశానం చేర్చాలి. ఆ తర్వాత వ్యాను నీడలో పెట్టుకుని, ఫోను తీసి, పదకొండింటికి యుద్ధానికి వెళ్ళాలి. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో శవాల వల్ల అతనికి ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. ఆలస్యమంతా వాటి బంధువుల వల్లే.

అంతిమయాత్ర వ్యాను నడిపే మనిషికి యుద్ధమేమిటంటే, అది ఫోనులో ఆడే ట్యాంకుల ఆట. ఊరూ పేరూ తెలియని ముగ్గురు కలిసి ఒక ట్యాంకు ఎక్కుతారు. ఒకరు నడపాలి, ఒకరు పేల్చాలి, ఒకరు పైన కూర్చుని దారి చెప్పాలి. మొదట్లో డ్రైవరు కూడా తుపాకీ పట్టుకుని ఒంటరిగా పరుగెత్తే ఆటలే ఆడాడు. వాటిలో ఎవరు చంపారో తెలిసేలోపే చచ్చిపోయేవాడు. చచ్చాక అయ్యో అనే దిక్కుండేది కాదు. ట్యాంకు అలా కాదు. నడిపేవాడికి దూరం కనిపించదు, పేల్చేవాడు కదల్లేడు, చూసేవాడి చేతిలో ఏమీ ఉండదు. ముగ్గురూ నోరు విప్పి మాట్లాడుకుంటే తప్ప బండి పది గజాలు సాగదు. పోతే ముగ్గురూ ఒకేసారి పోతారు. ఈ చివరి నియమం డ్రైవరుకు మరీ నచ్చింది.

అతని అసలు బండిలో వెనక కూర్చున్నవాళ్ళు ఏడుస్తారు. పడుకున్నవాళ్ళు అది కూడా చేయరు. "బాగా నడిపావయ్యా" అని ఇంతవరకూ ఒక్కరంటే ఒక్కరు అనలేదు. ఇంటికి వెళ్తే పలకరించేది ఫ్రిజ్జు చప్పుడే. ట్యాంకులో మాత్రం అతని పేరు తుఫాను. గంటకు ఇరవై కిలోమీటర్లు దాటకుండా బతికిన మనిషి అక్కడ గోడలు పగలగొట్టుకుంటూ పోతాడు. పైన కూర్చునేది టీచరమ్మ. ఎక్కడో నిజంగానే పాఠాలు చెబుతుందట. "ఎడమ అంటే నీ ఎడమ తమ్ముడూ, నా ఎడమ కాదు!" అని కసిరే తీరు వింటే నమ్మక తప్పదు. పేల్చేది గుండుసూది. పెద్దాయన. కప్పు పట్టుకుంటే చేతులు వణుకుతాయని, కాల్చేటప్పుడు వేలు మాత్రం వణకదని ఆయనే చెప్పాడు. డ్రైవరు ఆయన్ని బాబాయ్ అంటాడు, ఆయన ఇతన్ని అబ్బాయ్ అంటాడు. ముగ్గురూ ఆ ట్యాంకును 'మన ఇల్లు' అంటారు. అసలు పేర్లు అడగాలని ఎవరికీ తోచలేదు.

ఆ ఇల్లు ఇప్పుడు కూలేలా ఉంది. గుండుసూది మూడు రోజులుగా కనిపించడం లేదు. రెండు పోటీలు ఆడకుండానే ఓడిపోయారు. మూడోసారి కూడా ముగ్గురూ హాజరు వేయకపోతే ఆటవాళ్ళు జట్టును రద్దుచేసి తలా ఒక కొత్త ట్యాంకులో పడేస్తారు. ఆ ఆటలో సొంత జట్టుతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడే వీలు లేదు. అప్పుడు టీచరమ్మను ఎక్కడని వెతకాలి? బాబాయ్ ఎలా ఉన్నాడని ఎవరిని అడగాలి? ఆ బెంగతో డ్రైవరుకు రెండు రోజులుగా తిండి సయించలేదు.

అందుకే ఆ ఉదయం ఫోను తెరవగానే గుండుసూది పేరు పక్కన పచ్చచుక్క కనిపించేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది. పచ్చచుక్క అంటే ఆ మనిషి ఫోను వెలుగుతోందని. పోటీకి పావుగంట ముందు గానీ మాట్లాడుకునే వీలుండదు. అప్పుడు హారన్ బటన్ నొక్కితే అవతలి ఫోను మోగుతుంది. చిన్న బటన్లు నొక్కలేక చస్తున్నానని బాబాయ్ గోలపెడితే, హారన్ మోగగానే మాట దానంతటదే కలిసేలా ఆయన ఫోనులో మార్పు చేయించింది డ్రైవరే. ఇక భయం లేదు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఈల వేశాడు. చావు ఇంటికి వెళ్తున్నానని గుర్తొచ్చి ఆపేశాడు.

పదింటికి బయలుదేరాల్సిన బండి పదీ ఇరవై ఐదుకు కదిలింది. పోయినాయన భార్య, తమ్ముడు, అల్లుడు వెనక, శవాన్ని ఉంచిన పెట్టె పక్కన కూర్చోవాలి. తల దగ్గర ఎవరు, కాళ్ళ దగ్గర ఎవరు అని తమ్ముడూ అల్లుడూ వాదులాడుకున్నారు. అసలు గొడవ వేరు. అన్నగారిని డాక్టరు సరిగ్గా చూడలేదని తమ్ముడి అనుమానం. ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది అల్లుడు.

"రెండు నిమిషాలు చూసి పోయారని రాసిచ్చేశాడు! రెండు నిమిషాల్లో జలుబు కూడా తేలదు!" అని తమ్ముడు మెట్ల మీద మూడుసార్లు అన్నాడు. భార్య వ్యాను ఎక్కి, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని తల దగ్గర కూర్చుంది.

డ్రైవరు సీటుకూ వెనక భాగానికీ మధ్య జరిపే అద్దం ఒకటి ఉంది. అది సగం తెరుచుకుని ఇరుక్కుపోయి రెండేళ్ళయింది. బాగుచేయించమంటే సూపర్‌వైజరు, "ఎవరు ఫిర్యాదు చేస్తారయ్యా?" అన్నాడు.

పదీ నలభైకి రైలు గేటు పడింది. గూడ్సు బండి ఒకటి తాపీగా వచ్చి, సరిగ్గా రోడ్డుకు అడ్డంగా ఆగింది. ముందు చూస్తే రైలు పెట్టెలు, వెనక చూస్తే లారీలు. డ్రైవరు ఇంజను ఆపాడు. అయిదు నిమిషాలు స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేశాడు. ఇక ఆగలేక ఫోను తీసి, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకున్నాడు.

"గుండుసూది గారి జాడ తెలిసిందా తమ్ముడూ?" అంది చెవిలో టీచరమ్మ.

"బతికే ఉన్నాడు టీచరమ్మా!" అన్నాడు డ్రైవరు సంబరంగా. "పొద్దున నేనే చూశాను."

వెనక తమ్ముడూ అల్లుడూ వాదులాట ఆపేశారు.

"మరి పలకడేం?"

"నిద్రపోతున్నట్టున్నాడు, అంతే. పోయాడు పోయాడు అనుకుని మనమే ఊరికే బెంగపడ్డాం."

వెనక తమ్ముడు మెల్లగా లేచి నిలబడ్డాడు. తల వ్యాను కప్పుకు తగిలింది. "విన్నారా?" అన్నాడు గుసగుసగా. "రోజూ ఇదే పనిలో ఉండేవాడు! డాక్టరుకు తెలియకపోవచ్చు, ఇతనికి తెలియకపోవడమేమిటి?"

"మావయ్య పోయారండీ. కాగితం మీద నేనే సంతకం పెట్టాను," అన్నాడు అల్లుడు.

"నువ్వు సంతకం పెడితే పోతాడా మా అన్నయ్య?"

తమ్ముడు అప్పటికే అంబులెన్సుకు ఫోను కలిపాడు. ఆ తర్వాత వ్యాను పక్కన రాసి ఉన్న నంబరుకు కూడా కలిపి, బతికున్న మనిషిని పెట్టెలో పెట్టుకుని తిరుగుతున్నారని సూపర్‌వైజరును తిట్టడం మొదలుపెట్టాడు. ముందు సీట్లో మనిషికి ఇదేదీ తెలియదు. అతని చెవిలో టీచరమ్మ తొందరపెడుతోంది.

"ఉండండి, హారన్ కొట్టి లేపుతాను," అంటూ బటన్ మూడుసార్లు నొక్కాడు.

పెట్టెలో హారన్ మూడుసార్లు మోగింది.

అల్లుడు కాళ్ళు పైకి ముడుచుకున్నాడు. తమ్ముడి చేతిలో ఫోను జారి కింద పడింది. అంతలో పెట్టె లోపలి నుంచి మగగొంతు ఒకటి హుషారుగా, "బాబాయ్, లే! ఎంతసేపు పడుకుంటావ్? పదకొండవుతోంది!" అంది.

"అన్నయ్యా!" అని తమ్ముడు పెట్టె మీద పడ్డాడు.

ఈసారి ఆడగొంతు వినిపించింది. "ఏమండీ, వినిపిస్తోందా? మూడు రోజులైంది మీ మాట విని. మీరు రాకపోతే మన ఇల్లు నిలవదండీ."

అంతవరకూ ఒక్క మాటా మాట్లాడని భార్య తలెత్తింది. "ఎవరది?" అంది పెట్టెతో. "నలభై రెండేళ్ళు కాపురం చేశాను. నాకు చెప్పకుండా ఎక్కడ కట్టారండీ ఆ ఇల్లు?" అని, రెండ్రోజులుగా ఆపుకున్నదంతా ఒక్కసారిగా తన్నుకొచ్చి భోరుమంది.

డ్రైవరు నొసలు ముడిచాడు. "బాబాయ్ ఇంట్లో ఎవరో ఏడుస్తున్నారు టీచరమ్మా," అన్నాడు. ఏడుపులు తెగ విన్న మనిషి కదా, ఆ ఏడుపు దగ్గర్లోంచే వస్తున్నట్టనిపించింది. ఇయర్‌ఫోను తీశాడు. అదే ఏడుపు. మళ్ళీ పెట్టుకున్నాడు. అదే ఏడుపు.

"బాబాయ్?" అన్నాడు.

"బాబాయ్?" అంది వెనక పెట్టె, అతని గొంతుతోనే.

డ్రైవరు దిగి, వ్యాను చుట్టూ నడిచి, వెనక తలుపు తీశాడు. శవాలకు తలుపు తీయడం అతనికి అలవాటే. కానీ గడియ కోసం తడుముకోవడం ఇదే మొదటిసారి. సీటు పక్కన ఉన్న కాగితంలో పోయినవారి పేరూ వయసూ పొద్దున్నే చదివాడు. పేరు వల్ల ఏం తెలుస్తుంది? తెలిసిందల్లా గొంతు. ఆ గొంతు ఇక లేదు.

"అమ్మా," అన్నాడు, "ఆ ఫోను లోపలెందుకు ఉంది?"

"చేతిలోంచి దించేవారు కాదు. పోయేటప్పుడు లాక్కోవడమెందుకని పెట్టాను," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "రాత్రి చార్జింగు కూడా పెట్టాను. రోజూ నేనే పెడతాను. అలవాటు."

పచ్చచుక్క సంగతి డ్రైవరుకు అర్థమైంది. అక్కడే ఫుట్‌బోర్డు మీద కూలబడి, తుఫాను ఎవరో, టీచరమ్మ ఎవరో, ఇల్లంటే ఏమిటో ఆవిడకు చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. పంతొమ్మిదేళ్ళలో తన బండి దగ్గర అతను ఏడవడం కూడా ఇదే మొదటిసారి.

ఆవిడ చేతిసంచీ పక్కన పెట్టి, అతని వైపు వంగింది. "అబ్బాయివి నువ్వేనా?" అంది. "రోజూ పదకొండింటికి గది తలుపేసుకునేవారు. 'అబ్బాయి నడుపుతాడు, నాకేం భయం' అని లోపల నవ్వేవారు. నాకు తెలియకుండా కొడుకెవరో ఉన్నాడనుకున్నాను నాయనా. రెండేళ్ళు అడగాలనుకున్నాను. అవునంటారేమోనని అడగలేదు."

అంబులెన్సు లారీల పక్కనుంచి ఎలాగో దూరి వచ్చింది. అందులోంచి దిగినామె పెట్టె మూత తీయించి, నాడి చూసి, కళ్ళలోకి లైటు వేసి, మర్యాదగా, "పోయారండీ," అంది. ఒకే మనిషి పోయిన వార్త రెండోసారి విన్న కుటుంబం రెండోసారి ఏడ్చింది. తమ్ముడు మాత్రం, "ఈవిడా రెండు నిమిషాలే చూసింది," అని గొణిగాడు. డ్రైవరు ఫోను మోగింది. "బండిలో శవం మాట్లాడుతోందట! నువ్వేం చేస్తున్నావక్కడ?" అని సూపర్‌వైజరు అరిచాడు. "వింటున్నానండీ," అని డ్రైవరు పెట్టేశాడు.

పెట్టెలోంచి టీచరమ్మ గొంతు చిన్నగా వచ్చింది. ఆమె అంతా విన్నది. "నాలుగు నిమిషాలుంది తమ్ముడూ. వదిలేద్దాం. నిన్ను... నిన్ను కసిరినవన్నీ మనసులో పెట్టుకోకు."

"వదిలేస్తే ఏమవుతుంది?" అంది పోయినాయన భార్య.

"జట్టు పోతుందమ్మా. నేనో చోట, టీచరమ్మ ఇంకో చోట. బాబాయ్ పేరు కూడా ఉండదు."

"ఉండాలంటే?"

"పదకొండింటిలోగా ముగ్గురూ హాజరు వేయాలి. బాబాయ్ ఫోను వేలిముద్రతో తెరుచుకుంటుంది. ఇక కుదరదు లెండి."

ఆవిడ అప్పటికే పెట్టె మీదికి వంగింది.

"అత్తయ్యా!" అన్నాడు అల్లుడు.

"ఊరుకో నాయనా. సంతకాలన్నీ నువ్వు పెట్టావుగా, ఇదొక్కటి ఆయన్నే పెట్టనీ."

బొటనవేలు రెండుసార్లు ఆనించినా ఫోను ఒప్పుకోలేదు. ఆవిడ ఆ వేలిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, చలిలో రుద్దినట్టు రుద్దింది. మూడోసారి తెరుచుకుంది. డ్రైవరు చూపించిన చోట ఆ వేలితోనే నొక్కింది. పదకొండుకు అర నిమిషం ఉందనగా ట్యాంకులో ముగ్గురూ హాజరు.

గేటు ఇంకా లేవలేదు. అంబులెన్సు వాళ్ళు, ఇద్దరు లారీ డ్రైవర్లు, తమ్ముడు, అల్లుడు డ్రైవరు భుజాల మీదుగా తెర వైపు చూస్తున్నారు. పేల్చే మనిషి లేని ట్యాంకు ఎంతసేపు నిలుస్తుందని? పోనీ, తనకు అలవాటైనట్టు గోడలు పగలగొట్టుకుంటూ ముందుకు పోతే పోలేదా? కానీ ఆ పూట తుఫానుకు చేతులు రాలేదు. బాబాయ్ ఉన్నాడు బండిలో. గుంతలు తప్పించుకుంటూ, కుదుపు తగలకుండా, తనకు బాగా తెలిసిన వేగంతో నడిపాడు.

"ఎడమకు తమ్ముడూ. నెమ్మదిగా," అంది టీచరమ్మ. "ఇప్పుడు ఆగు. వాళ్ళు పోతున్నారు. పోనీ."

"ఇందులో ఆయన ఎక్కడ కూర్చుంటారు?" అని అడిగింది భార్య.

"నా వెనకేనమ్మా. కాస్త పైన."

ఆవిడ వ్యానులోకి చూసి తలూపింది. "బాగా నడుపుతున్నావు నాయనా," అంది. డ్రైవరుకు తెర మసకబారింది. ఏ ట్యాంకుకూ గుద్దుకోకుండా పోవడం ఆ ఒక్క నిమిషం అదృష్టమే.

పావుగంట అయింది. అవతలి జట్లు ఒకదాన్నొకటి కాల్చుకుని చచ్చాయి. ఒక్క గుండూ పేల్చని ట్యాంకు ఒకటి, ఒక మూల, చెక్కుచెదరకుండా మిగిలింది. జట్టు నిలిచింది. గూడ్సు బండి కూత వేసి కదిలింది. డ్రైవరు కళ్ళు తుడుచుకుంటుంటే తెర మీద ఎవరి లెక్క వాళ్ళది పడింది. గుండుసూది పేరుకు ఎదురుగా, పేల్చినవి సున్నా. దాని పక్క గడిలో, చనిపోయిన సార్లు సున్నా.

తమ్ముడు కళ్ళజోడు సవరించుకుని ఆ చివరి గడిని రెండుసార్లు చదివి, అల్లుడి వైపు తిరిగాడు.

"నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను."