నీవ్ పోయిన శుక్రవారం

ఇందులో ఒక్క ముక్క కల్పించినట్టు తేలినా, చెప్పేవాడు మీసం గొరిగించుకుంటాడు. ఆ పూచీ మీద వినండి.

2011 అక్టోబరులో ఒక శుక్రవారం పొద్దున, అమెరికాలో షికాగో పక్కనున్న అరోరాలో ఒక అపార్టుమెంటు రెండో అంతస్తులో, నీవ్ అనే ఐరిష్ ఆవిడ ఆ రోజుకి ఒకే ఒక్క పని పెట్టుకుంది. ఇంట్లో కూర్చోవడం. పని చిన్నదే గాని ఆవిడ వల్ల అయ్యేది కాదు. ఐర్లండులో ఉద్యోగాలు ఎండిపోయి, మొగుడు డెక్లన్‌తో ఈ దేశం వచ్చి ఎనిమిది నెలలైంది. డెక్లన్‌కి షామ్‌బర్గ్‌లో ఆఫీసుంది. ఊళ్ళో నర్సు పని చేసిన నీవ్‌కి ఇక్కడ కిటికీ ఉంది. గంటకోసారి టీకి నీళ్ళు మరిగించి, తాగేవాళ్ళెవరూ లేక చల్లారబెట్టి, మళ్ళీ మరిగించి, కాలు కాలిన పిల్లిలా ఆ రెండు గదుల్లో తిరుగుతూ ఉండేది.

ఇవాళ మాత్రం కూర్చోవాలి. షికాగో లాయరు ఆవిడ వర్క్ పర్మిట్ కార్డుని కొరియర్‌లో పంపాడు. తొమ్మిదికీ ఒంటిగంటకీ మధ్య వస్తుంది, సంతకం పెట్టి తీసుకోవాలి. సోమవారం పొద్దున ఆ కార్డు చూపిస్తే ఒక వృద్ధాశ్రమంలో నర్సు ఉద్యోగం. చూపించకపోతే, ఆ ఉద్యోగం వరసలో వెనక నిలబడ్డ మనిషికి.

ఇక్కడ పేరు సంగతి చెప్పాలి. ఆ పేరు రాయడం ఎన్-ఐ-ఏ-ఎమ్-హెచ్. పలకడం నీవ్. మధ్యలో అక్షరాలు ఎటు పోతాయో ఐర్లండు వాళ్ళకే తెలియాలి. ఎదురింట్లో కాపురముండే రఘు అనే తెలుగబ్బాయి అమ్మానాన్నలు, ఛాయాదేవీ తిరుపతయ్యా, మధిర దగ్గర పల్లె నుంచి వేసవిలో దిగారు. దిగిన వారమే నీవ్ రొట్టె కాల్చుకుని వెళ్ళి తలుపు తట్టి, "ఐ యామ్ నీవ్" అంది. ఛాయాదేవి లోపలికి తిరిగి, "ఏవండీ, ఎవరో పిల్ల, నేను నీవు అంటోంది. వేదాంతం మనిషిలా ఉంది" అంది.

అది పేరని కోడలు రష్మి చెప్పాక చిక్కు ఇంకా పెరిగింది. "మొగుడున్న ఇల్లాలిని పట్టుకుని నీవు నీవు అని పిలుస్తామా, బావుంటుందా?" అంది ఛాయాదేవి. తిరుపతయ్య కాసేపు ఆలోచించి, పేరుని ఒక మెట్టు పైకెక్కించాడు. "మీరు అందాం."

ఆనాటి నుంచి ఆవిడ మీరుగారు. ఇండియా యాస కాబోలనుకుని నీవ్ పలికేది. రష్మిని చూసి తనూ వాళ్ళని మావయ్యా, అత్తయ్యా అనేది. మిగతా మాటలు తిరుపతయ్య తపాలా ఫారాల్లో నేర్చిన ఇంగ్లీషులో నడిచేవి. వాటినిక్కడ తెలుగు చేసి చెబుతున్నాం.

పదిన్నరకి నీవ్‌కి గుర్తొచ్చింది, సోమవారం వేసుకోవలసిన బట్టలు కింద లాండ్రీ గదిలో డ్రయర్‌లో ఉన్నాయని. ఎదురు తలుపు తట్టింది.

"మావయ్యా, పది నిమిషాలు. నా కవరొస్తే సంతకం పెట్టి తీసుకుంటారా?"

"మీరుగారూ, ముప్పై నాలుగేళ్ళు పోస్టుమాస్టరు చేశాను. నా చేతి మీద పోయిన ఉత్తరం ఒక్కటి దారి తప్పలేదు. వెళ్ళిరండి."

డ్రయర్ తలుపు బిగుసుకుని పది నిమిషాలు అరగంటైంది. నీవ్ బుట్టతో పైకొచ్చేసరికి తిరుపతయ్య తన గుమ్మం ముందు కుర్చీ వేసుకుని, చొక్కా జేబులో ఎవరిదో వెండిరంగు పెన్ను పెట్టుకుని, నిండు భోజనం చేసినవాడిలా కూర్చున్నాడు.

"వచ్చిందా?"

"మీది రాలేదు. ఒక దొంగ కవరొచ్చింది. తిప్పి కొట్టాను."

"దొంగ కవరేమిటి?"

"కొరియరబ్బాయి నయామ్ ఎక్కడున్నారు అన్నాడు. ఏ నైజాం అన్నాను. చూస్తే మీ ఇంటి నంబరే వేసుంది. నాయనా, నైజాం ఉండేది హైదరాబాదులో, చచ్చిపోయి నలభై ఏళ్ళు దాటింది అని చెప్పాను. చచ్చిపోయినంత వరకే వాడికి అర్థమైనట్టుంది. టోపీ తీసి సారీ అన్నాడు. దానికో రూలుందమ్మా. వాడి పెన్నే అడిగి కవరు మీద 'అడ్రసీ డిసీజ్డ్', అంటే మనిషి పోయాడని రాసి, సంతకం కూడా పెట్టిచ్చా."

నీవ్ బుట్ట కింద పెట్టింది. "మావయ్యా, కవరు మీద ఎన్-ఐ-ఏ-ఎమ్-హెచ్ అని ఉందా?"

"అదే. నైజాం స్పెల్లింగు కూడా రాని వెధవలు."

"అది నేను."

తిరుపతయ్య కుర్చీలోంచి లేచాడు. "మీరు మీరు కదా?"

నీవ్ కొరియర్ కంపెనీకి ఫోను చేసింది. వాళ్ళు హోల్డ్‌లో పెట్టి సంగీతం వినిపించారు. ఆ సంగీతం చెవిలో పెట్టుకుని ఆవిడ పడకగదిలో గోడ నుంచి గోడకి నడుస్తూ ఉండగా, చావు కబురు తన దారిన తను బయలుదేరింది. కొరియర్ నుంచి లాయరుకి, లాయరు నుంచి డెక్లన్ ఆఫీసుకి. డెక్లన్ లంచ్ నుంచి వచ్చేసరికి బల్ల మీద తెల్లపూలున్నాయి. "ఎవరికి?" అంటే ఎవరూ తలెత్తలేదు. ఇంటికి ఫోను చేస్తే ఎంగేజ్. సెల్‌కి చేస్తే బట్టల బుట్టలో మోగింది. కారెక్కాడు. ఆ లోపల ఆఫీసువాళ్ళు అతని ఐరిష్ స్నేహితులకి కబురు పెట్టారు. ఐరిష్ వాళ్ళలో ఒకరు పోతే మిగతావాళ్ళు తిండి పట్టుకుని ఆ ఇంట్లో దిగి, పోయినవాళ్ళ కబుర్లు చెప్పుకుంటారు. ట్రాఫిక్‌లో డెక్లన్ ఇరుక్కున్నాడు గాని వాళ్ళు ఇరుక్కోలేదు.

మూడింటికి తలుపు తట్టారు. నీవ్‌ని ఓదార్చడానికి కాఫీ పట్టుకొచ్చిన ఛాయాదేవి తలుపు తీసింది. ఎదురుగా ఎర్రగడ్డం ఓవెన్, తలుపంత మనిషి, ట్రే నిండా సాండ్‌విచ్‌లతో, కళ్ళ నిండా నీళ్ళతో. అతని వెనక మెట్ల పొడుగునా జనం.

"అయ్యో, ఎవరు పోయారు బాబూ?"

తెలుగు రాకపోయినా అడిగిందేమిటో తెలిసి, ఓవెన్ తల దించుకుని, "నీవ్" అన్నాడు.

ఆ అసలు పేరు ఛాయాదేవి ఎప్పుడో మరిచిపోయింది. చెయ్యి గుండె మీదికి పోయింది. "నేనా?"

"నీవ్," అన్నాడు ఓవెన్ ఇంకా బాధగా.

ఛాయాదేవి తలుపు పట్టుకుని ఎదురింటి వైపు చూసి, "ఏవండీ, ఒకసారి ఇటొచ్చి నా మొహం చూసి చెప్పండి" అంది.

ఆ సందడికి నీవ్, ఫోను చెవిలోనే పెట్టుకుని బయటికొచ్చింది. ఓవెన్ చేతిలో ట్రే ఒరిగింది. ఆవిడ జారుతున్న సాండ్‌విచ్ ఒకటి పట్టుకుని, "హోల్డ్‌లో ఉన్నాను, కాస్త మెల్లగా ఏడవండి" అంది. పావుగంటకి డెక్లన్ పరిగెత్తుకొచ్చి, పెళ్ళాన్ని చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఫోనెందుకెత్తలేదు?"

"పోయాను కదా."

వచ్చినవాళ్ళెవరూ వెళ్ళలేదు. తెచ్చిన తిండి వెనక్కి తీసుకెళ్ళడం మర్యాద కాదన్నారు. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆ టీ కెటిల్‌కి పని దొరికింది. కాని ఫోనులో సంగీతం ఆగి ఒక గొంతు పలికింది. పోయినవాళ్ళ కవరు సోమవారం లాయరుకి తిరిగి వెళ్తుంది, ఏమీ చేయలేమంది. నీవ్ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

తిరుపతయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. "ఒక్కటీ తప్పలేదన్నది అబద్ధం మీరుగారూ. మధిరలో ఒకటి తప్పింది. ఛాయాదేవికి వచ్చిన పెళ్ళి సంబంధం ఉత్తరం. అది మాత్రం కావాలని తప్పించా."

నీవ్ ఒక సాండ్‌విచ్ తీసి ఆయన చేతిలో పెట్టింది. అంతలో కిటికీలోంచి కొరియర్ బండి కనబడింది.

అతను టోపీ చేత్తో పట్టుకుని పైకొచ్చాడు. చంకలో కవరుంది. "మా నాయనమ్మది ఐర్లండులో మేయో. ఆ వైపు మనిషి పరాయి ఊళ్ళో పోతే, కవరు వెనక్కి పంపడానికి చెయ్యాడలేదు. ఇంట్లోవాళ్ళ చేతికిద్దామని. ఎవరు తీసుకుంటారు?"

"నేనే నీవ్‌ని."

అతను కాగితం చూశాడు. "నయామ్ పోయినట్టు ఎక్కేసిందమ్మా. పోయినవాళ్ళ సంతకం చెల్లదు. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

డెక్లన్ కింద వచ్చినవాళ్ళ కార్లు సర్దిస్తున్నాడు. నీవ్ నోరు తెరిచే లోపల తిరుపతయ్య ముందుకొచ్చాడు. "ఉన్నారు. ఈవిడే. ఎమ్-ఇ-ఇ-ఆర్-యు. మీరు. ఈ ఇంట్లోనే ఉంటారు. నేను సాక్షి." జేబులోంచి పెన్ను తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. నీవ్ 'మీరు' అని సంతకం పెట్టి తన కార్డు తను తీసుకుంది.

సోమవారం వృద్ధాశ్రమంలో కార్డు చూసి, చొక్కాకి పెట్టుకునే బిళ్ళ మీద పేరేం చెక్కించమంటారని అడిగారు. ఎన్-ఐ అని మొదలుపెట్టి, ఆగి, "మీరు" అంది.

ఇక కల్పించింది ఒక్కటే, కొరియరతని నాయనమ్మ. మేయో ఎటువైపుందో అతనికి తెలియదు. అతను వెనక్కొచ్చింది పెళ్ళాం కొనిచ్చిన ఆ పెన్ను కోసం. మీసం సంగతంటారా, చెప్పేవాడికి అది ఉందని ఎవరన్నారు.