ఐదో నంబరు వాగ్దానం

కారేపల్లి చర్చిలో కొత్త సంవత్సరం పొద్దున, బైబిలు వాక్యం రాసిన వాగ్దానం చీటీలు తీయడం ఆనవాయితీ. నచ్చని చీటీని మెల్లగా పళ్లెంలో పడేసి ఇంకోటి తీయడమూ ఆనవాయితీయే. అందులో స్తుతి అత్తగారు జోజమ్మది అందె వేసిన చెయ్యి. ఆ ఆటలు కట్టించాలని ఈసారి స్తుతి భర్త, మోటారు స్టార్టర్లు బాగుచేసే బెంజమిన్, మైక్రోకంట్రోలర్ చిప్పుతో ఒక పెట్టె తయారుచేశాడు. స్విచ్చి వేస్తే యాభైలోపు ఏదో ఒక అంకె ఎర్రగా వెలుగుతుంది. జాబితాలో ఆ నంబరున్న వాక్యం పాస్టరుగారు చదువుతారు.

స్తుతికి ఆ పొద్దు ఒక్కటే ఆశ. రెండున్నరేళ్ల కొడుకు శామ్యూలు ఇంకా ఒక్క మాటా పలకలేదు. సోమవారం ఖమ్మం దవాఖానాలో వాడికి చెవుల పరీక్ష. ఈలోపు వాడి కోసం దేవుడి నోట ఒక మంచి మాట రావాలి.

మొదట జోజమ్మ స్విచ్చి వేసింది. ఐదు. సంతానం కలుగుతుందన్న వాక్యం.

"గీ వయసులనా అయ్యగారూ?"

"దేవునికి అసాధ్యమా అమ్మా!"

బ్యాటరీ అయిపోతుందని బెంజమిన్ ప్రతి మనిషికీ పెట్టె ఆపి మళ్లీ వేయిస్తున్నాడు. రెండో మనిషికీ ఐదే. పెళ్లికాని రవీందర్‌కూ ఐదే. జనం మోకాళ్ల మీద పడ్డారు. ఫోన్లు వెళ్లాయి. పక్క ఊళ్ల నుంచి ఆటోలు దిగాయి. స్విచ్చి పడ్డప్పుడల్లా చర్చి చర్చంతా "ఐదు!" అని ఒక్క గొంతుతో అరుస్తోంది. శామ్యూలు తల్లి చంకలోంచి రెప్ప వేయకుండా ఆ ఎర్ర అంకెనే చూస్తున్నాడు.

స్తుతి వంతూ వచ్చింది. ఐదు! ఉన్నవాడు మాట్లాడితే చాలు ప్రభువా, అనుకుంది.

"ఏందయ్యా, దేవుడు ఊరంతటికీ ఒకటే మాట ఇచ్చిండా?" అని మొగుణ్ణి అడిగింది.

బెంజమిన్ గొంతు తగ్గించాడు. "దేవుడు కాదే, తప్పు నాదే. లెక్క యాడికెల్లి మొదలువెట్టాల్నో చిప్పుకు చెప్పలే. ఆపి వేసినప్పుడల్లా మళ్లా మొదటికే పోయి అదే అంకె ఇస్తాంది."

"మరిప్పుడెట్ల?"

"చిప్పుకున్న ఒక పిన్నును ఖాళీగ ఇడిస్తే గాలిలున్న కరెంటు గోల దాన్ని తాకుతది. అది ఏ గడియకాగడియ మారుతనే ఉంటది. ఆడికెల్లి మొదలువెట్టమంటే సరి."

స్తుతి తలెత్తి చూసింది. ఏమీ లేదనుకున్న గాలిలో అంత గోల ఉందా! ఆ గోలలోంచే శామ్యూలుకో మాట రాదా!

బెంజమిన్ దుకాణం నుంచి లాప్‌టాప్ తెచ్చి ప్రోగ్రామ్ మార్చి, స్విచ్చి వేశాడు. పదిహేడు.

"మంచిగున్న పెట్టెను చెడగొడితివి కదరా!" అంది జోజమ్మ.

అప్పుడు తల్లి చంకలోంచి ఒక చిన్న వేలు పెట్టెవైపు లేచింది. పెట్టె తప్పు చెప్పిందన్న కోపంతో శామ్యూలు గొంతు చించుకుని అరిచాడు.

"ఐదు!"

స్తుతి వాడి ముఖం తనవైపు తిప్పుకుని, "మళ్లొకసారి అను బిడ్డా!" అంది.

ఆ సాయంత్రం జోజమ్మ పాస్టరుగారింటికి వెళ్లి, తన ఐదు ఇచ్చేసి ఆ పదిహేడు తీసుకోవచ్చా అని మెల్లగా అడిగింది.